వార్డెనమ్మ ఈత

ఆడపిల్లల హాస్టల్లో వార్డెనమ్మ వస్తోందంటే ముందు ఆవిడ పాట వచ్చేది, తరవాత తాళంచెవుల గుత్తి చప్పుడు వచ్చేది, ఆ తరవాత తీరిగ్గా ఆవిడ వచ్చేది. పాటకి రాగమంటూ ఒకటి ఉండేది గాని అది ఆవిడకీ దేవుడికీ మాత్రమే తెలుసు. చర్చిలో పాటలు పాడే బృందంవాళ్లు ఆవిడని మూడుసార్లు చేర్చుకుని మూడుసార్లూ మర్యాదగా పంపించేశారు. మూడోసారి పాస్టరుగారే స్వయంగా వచ్చి, "అమ్మా, మీ గొంతుకి దేవుడు వేరే పనేదో అట్టేపెట్టి ఉంటాడు" అని నసిగారు. ఆవిడేం నొచ్చుకోలేదు. "ఫరవాలేదు పాస్టరుగారూ, నేను వెనక వరసలో నిలబడి పాడతాను. అక్కణ్ణించైతే అందరికీ వినబడుతుంది" అంది.

ఆవిడ తల్లిదండ్రులెవరో ఆవిడకి తెలియదు. చర్చివాళ్లు నడిపే పిల్లల ఇంట్లో పెరిగి, ఇరవయ్యో ఏట ఈ కాలేజీ హాస్టల్ వంటింట్లో కూరగాయలు తరిగే పనికి వచ్చింది. పదేళ్లకి సామాన్ల గది తాళం చేతికొచ్చింది, ఇంకో ఆరేళ్లకి మొత్తం హాస్టల్ తాళాలన్నీ వచ్చాయి. ఏభై ఆరేళ్లు వచ్చేసరికి ఆవిడ కింద మూడంతస్తుల భవనం, నూట పది గదులు, రెండు వందల పైచిలుకు పిల్లలు. ఎవరైనా దగ్గితే ఏ గదిలో ఎవరు దగ్గారో మెట్ల దగ్గర నిలబడి చెప్పేసేది. సొంత పిల్లలు లేరు. పాపం అని ఎవరైనా జాలిపడబోతే, "లేకపోవడమేంటి? ఏటా డెబ్భై మంది పుడుతున్నారు నాకు. అదీ పద్దెనిమిదేళ్లు నిండి, పెట్టెలు సర్దుకుని మరీ పుడుతున్నారు. ఇంత సుఖం ఎవరికుంది?" అనేది.

భర్తకి కాలేజీ గేటు ఎదురుగా కళ్లద్దాల షాపు. పిల్లలు ఆయన్ని అద్దాల బాబాయ్ అనేవాళ్లు. రోజుకి పాతిక మాటలు మించి మాట్లాడని మనిషి. ఆ పాతికలో ఇరవై భార్యని ఆటపట్టించడానికే ఖర్చయ్యేవి.

ఇంత గుండెనిబ్బరం ఉన్న మనిషికీ ఒక భయం ఉండేది. నీళ్లంటే భయం. పద్దెనిమిదో ఏట బాప్తిస్మం తీసుకున్నప్పుడు తొట్టిలో కాలు జారింది. పాస్టరు ముంచాల్సింది ఒక్కసారి, ఆవిడ మునిగింది మూడుసార్లు. ముక్కులోంచీ నోట్లోంచీ నీళ్లు చిమ్ముకుంటూ పైకి లేచి "దేవుడా!" అని పెట్టిన కేకకి, ముందు వరసలో కునుకు తీస్తున్న పెద్దాయన ఉలిక్కిపడి "ఆమేన్" అన్నాడట. అప్పట్నుంచీ చీలమండ దాటిన నీళ్లలో ఆవిడ అడుగు పెట్టలేదు. భర్త ఎప్పుడైనా సముద్రానికి వెళ్దామంటే, "ఒకసారి మునగమన్నాడు ప్రభువు, మునిగాను. రెండోసారి మాట ఆయనా ఎత్తలేదు, మీరూ ఎత్తకండి" అనేది.

కాలేజీ లైబ్రరీ వెనకాల ఒక చెరువు ఉంది. అందులో ఒక పడవ. ఎనిమిది మంది ఎక్కాల్సిన పడవ అది. ఆ ఏడు ఒక శనివారం సాయంత్రం, చివరి సంవత్సరం పిల్లలు ఫొటో తీయించుకుందామని పధ్నాలుగు మంది ఎక్కారు. ఒడ్డున ఉన్నవాడు కెమెరా ఎత్తి, అందరూ పడట్లేదు దగ్గరికి జరగండి అన్నాడు. నవ్వుకుంటూ అందరూ ఒక పక్కకి జరిగారు. పడవ తిరగబడింది.

ఒడ్డు నుంచి పట్టుమని ముప్పై అడుగుల దూరం లేదు. కాని పధ్నాలుగు మందిలో ఒక్కరికీ ఈత రాదు. నలుగురు పడవని కరుచుకుని మిగిలారు. ఆ దారినే మైదానానికి వెళ్తున్న ఈత టీచరు బూట్లతో సహా దూకి, ఒకరి తరవాత ఒకరిని ఆరుగురిని ఒడ్డుకి లాక్కొచ్చింది. ఏడోసారి వెళ్లేసరికి పడవని పట్టుకున్నవాళ్లు తప్ప నీళ్ల మీద ఎవరూ లేరు. పోయినవాళ్లు నలుగురు. ఒక అబ్బాయి, ముగ్గురు అమ్మాయిలు. అమ్మాయిలు ముగ్గురూ వార్డెనమ్మ పిల్లలే.

ఆ వారం ఊరు ఊరంతా ఒక్క ఇల్లయిపోయింది. దుకాణాలవాళ్లు తలుపులు సగం దించుకున్నారు. బస్సు డ్రైవర్లు కాలేజీ ముందు హారన్ కొట్టడం మానేశారు. అద్దాల బాబాయ్ పాతిక మాటలు కూడా మానేశాడు. వార్డెనమ్మ ముగ్గురి పెట్టెలూ తన చేత్తోనే సర్దింది. మడత నలగకుండా ఒక్కో చొక్కా పెడుతూ, ఏ చొక్కా ఎవరిదో అడగాల్సిన అవసరం లేకుండానే పెట్టింది.

మరుసటి ఆదివారం చర్చిలో సంతాప ప్రార్థన జరిగింది. నిలబడ్డానికి చోటు లేదు. సంఘపెద్ద ఒకాయన లేచి, మంచి మనసుతోనే, "దేవుడు తన తోటలోకి నాలుగు అందమైన పూలు కోసుకున్నాడు" అన్నాడు. ఆ మాట ఇంకా గాల్లో ఉండగానే మూడో వరసలోంచి ఒకావిడ లేచి, ఎవరి మొహమూ చూడకుండా, నడవ మధ్యలోంచి బయటికి నడిచిపోయింది. రెండు వీధుల అవతల బేకరీ నడిపే ఆవిడ. పోయిన పిల్లల్లో ఒకమ్మాయికి తల్లి.

వార్డెనమ్మ వెనకాలే వెళ్లింది. బేకరీ ఆవిడ మెట్ల మీద కూచుని ఉంది. వార్డెనమ్మ పక్కన కూలబడింది. చాలాసేపు ఇద్దరూ వీధిలో వెళ్లే సైకిళ్లు చూశారు.

"నా కూతురు పువ్వా?" అంది బేకరీ ఆవిడ చివరికి. "ఇరవై ఒక్కేళ్ల మనిషండీ అది. గురక పెట్టేది. సాక్సు ఎక్కడ పడితే అక్కడ విడిచేది. ఇంట్లో పిండి కలిపే మిషను చప్పుడుకి నిద్ర పట్టట్లేదని, పావుగంట నడకలో ఇల్లు పెట్టుకుని, దెబ్బలాడి మీ హాస్టల్లో చేరింది. పువ్వట!"

"మొద్దునిద్ర" అంది వార్డెనమ్మ. "మూడేళ్లు లేపాను నేను. మొదటిసారి తలుపు కొట్టడం, రెండోసారి దుప్పటి లాగడం, మూడోసారి పాడటం. పాడితే మాత్రం లేచేది."

బేకరీ ఆవిడ మొహం ఒక్క క్షణం నవ్వబోయి ఆగిపోయింది. "మీరు భక్తి ఉన్న మనిషి అంటారు. చెప్పండి. ఎందుకు తీసుకున్నాడు?"

వార్డెనమ్మ నాలుక చివర మాటలు చాలానే ఉన్నాయి. చిన్నప్పట్నుంచీ విన్నవి, తనే నలుగురికీ చెప్పినవి. ఒక్కటీ బయటికి రాలేదు. "తెలీదమ్మా" అంది. "నేనూ రోజూ అడుగుతున్నాను. ఇంకా చెప్పలేదు."

"చెప్తే నాకూ చెప్పండి."

"ముందు నీకే చెప్తా. చెప్పకపోతే ఇద్దరం కలిసే వెళ్లి నిలదీద్దాం."

ఆ తరవాత చాలా రోజులు వార్డెనమ్మ ఆ ప్రశ్ననే నెత్తిన పెట్టుకుని తిరిగింది. తిరిగి తిరిగి, చిన్నప్పుడు పిల్లల ఇంట్లో విన్న ఒక సంగతి దగ్గర ఆగింది. ప్రభువు స్నేహితుడు చనిపోతే ఆయన సమాధి దగ్గరికి వెళ్లాడు. ఇంకో నిమిషంలో ఆ స్నేహితుణ్ణి తనే లేపబోతున్నాడు, ఆ సంగతి ఆయనకి తెలుసు. తెలిసీ, ముందు నిలబడి ఏడ్చాడు. చనిపోయినవాడి అక్కచెల్లెళ్లకి పూల కథలు చెప్పలేదు. వాళ్లు ఏడుస్తుంటే చూసి తనూ ఏడ్చాడు. అంత తెలిసినాయనే ఏడ్చాక, ఏమీ తెలియని నేను ఎవరికి ఏం బోధించాలి అనుకుంది ఆవిడ. అనుకున్నాక ఎందుకో మనసు కాస్త తేలికపడింది. జవాబు చెప్పే ఉద్యోగం తనది కాదని తేలిపోయింది. పక్కన కూచునే ఉద్యోగం ఒకటి మిగిలింది. అది ఆవిడకి చేతనవును.

ఆ రోజు నుంచీ సాయంత్రాలు తన గది తలుపు బార్లా తెరిచి, పెద్ద కెటిల్ నిండా టీ పెట్టి కూచునేది. పిల్లలు మొదట ఇద్దరొచ్చారు, తరవాత ఆరుగురు, తరవాత మంచం మీదా కిటికీ గట్టు మీదా చోటు లేనంత మంది. ఏడ్చేవాళ్లు ఏడ్చారు. కొన్నాళ్లకి కథలు మొదలయ్యాయి. అగ్నిప్రమాదం రిహార్సల్ రోజున సైరన్ మోగి, హాస్టల్ మొత్తం మెట్లు దిగి మైదానంలో నిలబడితే, బేకరీ వాళ్లమ్మాయి మాత్రం హాయిగా నిద్రపోయిందట. ఫైరింజన్ మనిషి నిజంగానే భుజాన వేసుకుని కిందికి తెస్తే, మధ్యలో కళ్లు తెరిచి "ఇంకో ఐదు నిమిషాలు" అందట. గది గదంతా పగలబడి నవ్వింది. నవ్వి, ఒక్కసారిగా తప్పు చేసినట్టు అందరూ నోళ్లు మూసుకున్నారు.

"ఎందుకాపారు?" అంది వార్డెనమ్మ. "అది నవ్వించింది కాబట్టి నవ్వాం. ఇంకో టీ ఎవరికి?"

అందరూ వచ్చినా ఒకమ్మాయి మాత్రం వచ్చేది కాదు. పడవలోంచి బతికి బయటపడ్డ పిల్ల. హాస్టల్లో అందరికన్నా పొట్టి, అందుకని అందరూ ముద్దుగా బుడంకాయ్ అనేవాళ్లు. బేకరీ వాళ్లమ్మాయి గదిలోనే ఉండేది. వార్డెనమ్మే ఒక మధ్యాహ్నం ఆ గదికి వెళ్లింది. బకెట్లో గుడ్డ ముంచి మొహం తుడుచుకుంటోంది బుడంకాయ్.

"స్నానం చెయ్యట్లేదా?"

"షవర్ నీళ్లు మొహం మీద పడితే ఊపిరాడట్లేదమ్మా." గుడ్డ పిండుతూ, "అది నా చెయ్యి పట్టుకుంది. నాకు ఈత వచ్చుంటే దాన్ని వదిలేదాన్ని కాదు" అంది.

వార్డెనమ్మ పక్కనే నేల మీద కూచుంది. ఏం చెప్పాలో తోచకముందే నోరు దానంతటది పని చేసేసింది. "అయితే నేర్చుకుందాం."

"ఏంటి?"

"ఈత."

బుడంకాయ్ తలెత్తి చూసింది. "మీకొచ్చా?"

"రాదు. పైగా చచ్చేంత భయం. అందుకే తోడు అడుగుతున్నా. ఇద్దరం ఒకరి మీద ఒకరు పడి అరుచుకోవచ్చు."

మాటైతే అనేసింది గాని, గది బయటికొచ్చాక మెట్ల దగ్గర గోడకి ఆనుకుని, "ఇదేం పని ప్రభువా, నా నోటికి తాళం వెయ్యొచ్చు కదా, నా దగ్గర ఇన్ని తాళాలున్నాయి" అని మొర పెట్టుకుంది.

ఈత టీచరు ఆ శనివారం నుంచీ సెలవులో ఉంది. కాలేజీ ఈత కొలను తాళం వేసి ఉంది. వార్డెనమ్మ ఆవిడ ఇంటికి వెళ్లేసరికి టీచరు వంటింట్లో కూచుని, కడిగిన గ్లాసులే మళ్లీ కడుగుతోంది. పొడుగ్గా, వెదురుకర్రలా ఉండే మనిషి, వంగిపోయి కనిపించింది.

"నలుగుర్ని వదిలేశాను" అంది టీచరు, పలకరింపులేమీ లేకుండా.

వార్డెనమ్మ ఆరుగుర్ని తెచ్చావని చెప్పలేదు. ఆ మాట ఇప్పటికే ఊరంతా చెప్పి ఉంటుంది. పొడిగుడ్డ తీసుకుని గ్లాసులు తుడవడం మొదలెట్టింది. ఏడో గ్లాసు దగ్గర, "టీచరుగారూ, నాకు ఈత నేర్పాలి" అంది.

టీచరు చెయ్యి ఆగింది. ఆవిడని కింద నుంచి పైదాకా చూసింది.

"అలా చూస్తారేంటి? వయసు చూసి అనుమానమా, ఒళ్లు చూసి అనుమానమా?"

"ఒళ్లు బాగా తేలుతుంది" అంది టీచరు అసంకల్పితంగా. అని, తనేమందో విని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ చేతి వెనకాల నెలన్నర తరవాత మొదటి నవ్వు వచ్చింది. నవ్వుతో పాటే ఏడుపూ వచ్చింది. వార్డెనమ్మ మిగిలిన గ్లాసులన్నీ తుడిచి పెట్టాకే కదిలింది.

ప్రిన్సిపాల్ గారు ఒక పట్టాన ఒప్పుకోలేదు. "పిల్లలు నీళ్లలో పోయారు. మీరేమో నీళ్లలోకి దిగుదామంటున్నారు. జనం ఏమనుకుంటారు చెప్పండి?"

"ఏదో ఒకటి అనుకుంటారమ్మా. వచ్చే ఏడు ఇంకో డెబ్భై మంది వస్తారు. చెరువు మాత్రం ఎక్కడికీ పోదు."

ప్రిన్సిపాల్ గారు కళ్లజోడు తీసి తుడుచుకుని, కాగితం మీద సంతకం పెట్టారు.

చర్చిలోనూ గొణుగుడు మొదలైంది. పాస్టరుగారు హాస్టల్‌కి వచ్చి, కుర్చీ అంచున కూచుని, "కొంతమంది బాధపడుతున్నారమ్మా. దుఃఖంలో ఉన్న ఊళ్లో ఈ కేరింతలేంటని" అన్నారు.

"ఇంకా కేరింతలు మొదలవలేదండీ. నీళ్లలో కాలే పెట్టలేదు, పెట్టినా ముందు నావన్నీ చావుకేకలే. అయినా పాస్టరుగారూ, ప్రభువు శిష్యుడొకడు మునిగిపోతుంటే ఆయనేం చేశాడు? ఒడ్డున కూచుని ప్రసంగం చేశాడా, చెయ్యి చాపాడా?"

పాస్టరుగారు కాసేపు టోపీ అటూ ఇటూ తిప్పారు. తరవాత గొంతు తగ్గించి, "మగవాళ్లకి కూడా ఏమైనా క్లాసు ఉంటుందా?" అన్నారు.

"ఎవరికి?"

"నాకే. ముప్పై ఏళ్లుగా జనాన్ని నీళ్లలో ముంచుతున్నాను గాని, నాకు ఈత రాదమ్మా. ఈ సంగతి ఎవరికీ చెప్పకండి."

సాయంత్రానికల్లా హాస్టల్ మొత్తానికి తెలిసిపోయింది. వార్డెనమ్మ చెప్పలేదు, ఆవిడ నవ్వు చెప్పేసింది.

మొదటి రోజు ఆరుగురు పిల్లలు వచ్చారు. వార్డెనమ్మ నల్ల స్విమ్మింగ్ డ్రెస్ మీద పెద్ద తువ్వాలు చుట్టుకుని, ఆ తువ్వాలుకి పైన ఇంకో తువ్వాలు చుట్టుకుని వచ్చింది. కొత్త చిక్కు ఒకటొచ్చి పడింది. కళ్లజోడు తీసేస్తే ఆవిడకి కొలను అవతలి గోడే కాదు, ఇవతలి మెట్టూ కనబడదు. ఒక పక్క ఎంత లోతో తెలియదు, ఇంకో పక్క ఎవరు నవ్వుతున్నారో తెలియదు. ఆ రోజు చీలమండల వరకూ దిగి, "ఇవాళ్టికి ఈ అభివృద్ధి చాలు" అని ఎక్కేసింది.

ఇంటికొచ్చి చెప్తే అద్దాల బాబాయ్ మూడు రోజులు షాపులో మిషను ముందు వంగి కూచున్నాడు. నాలుగో రోజు ఒక ఈతకళ్లజోడు తెచ్చి బల్ల మీద పెట్టాడు. లోపల భార్య పవరుకి సరిపోయే అద్దాలు కోసి, అరగదీసి, జిగురుతో బిగించాడు. పెట్టుకుని అద్దంలో చూసుకుంటే రెండు కళ్లూ కోడిగుడ్లంత కనిపించాయి.

"ఎలా ఉన్నాను?"

"నిన్ను చూసి నీళ్లే భయపడతాయి" అన్నాడాయన. దుర్ఘటన తరవాత అది ఆయన మొదటి వేళాకోళం. వార్డెనమ్మ ఆ కళ్లజోడుతోనే ఆయన్ని కావలించుకుని, కాస్త ఏడ్చింది కూడా. అద్దాలు ఒక్క చుక్కా బయటికి పోనివ్వలేదు. జిగురు గట్టిదేనని ఇద్దరికీ తెలిసింది.

టీచరు మొదట ఒడ్డున నిలబడే చెప్పేది. నీళ్లలోకి దిగేది కాదు. మొహం ముంచి ఊపిరి వదలమంది. "వదిలితే మళ్లీ వస్తుందని గ్యారంటీ ఏంటి?" అని వార్డెనమ్మ వాదానికి దిగింది. బుడంకాయ్ ఛాతీ లోతు నీళ్లలో కడ్డీ పట్టుకుని వణుకుతోంది. వార్డెనమ్మకి అది నడుం దాటని లోతు, అయినా ఆవిడా వణుకుతోంది. ఇద్దరూ చేతులు పట్టుకుని, ఒకటి రెండు మూడు అనుకుని మొహాలు ముంచారు. లేచేసరికి ఇద్దరికీ దగ్గు. దగ్గులోంచి బుడంకాయ్ గట్టిగా ఏడ్చేసింది. ఏడుస్తూ కాలు జారింది.

పక్కన పెద్ద చప్పుడైంది. టీచరు దూకేసింది, ఈసారీ బూట్లతోనే. రెండు చేతులూ ఆ పిల్ల వీపు కింద పెట్టి పైకి లేపి, "పట్టుకున్నాను. పట్టుకున్నాను. చూడు, పట్టుకునే ఉన్నాను" అంటూనే ఉంది. ఆ పిల్ల ఏడుపు ఆగింది. టీచరు మాత్రం ఆ మాట ఆపలేదు. కొంతసేపటికి అది ఎవరికి చెప్తోందో చూస్తున్న అందరికీ అర్థమైంది. ఆ రోజు తరవాత టీచరు ఒడ్డున నిలబడి చెప్పిందే లేదు. బూట్లు మాత్రం వారం రోజులు ఆరలేదు.

నెల తిరిగేసరికి పాతిక మంది అయ్యారు, రెండో నెలకి అరవై. మగవాళ్ల గంటలో పాస్టరుగారు, ఇద్దరు బస్సు డ్రైవర్లు, చనిపోయిన అబ్బాయి అన్నయ్యా దిగేవాళ్లు. బుడంకాయ్ చేపపిల్లలా తయారైంది. వార్డెనమ్మ మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే అన్నట్టు ఉండిపోయింది. చేతులు ఆడిస్తే కాళ్లు మరిచిపోయేది, కాళ్లు ఆడిస్తే ఊపిరి మరిచిపోయేది.

"అక్కా, ముందు వెల్లకిలా తేలడం నేర్చుకోండి" అంది టీచరు. అప్పటికి వార్డెన్ గారు అక్క అయిపోయింది. "ఊపిరి బిగబట్టొద్దు. భయమేస్తే పాట పాడండి. పాడితే గుండెల నిండా గాలి పీలుస్తారు, మునగరు."

ముప్పై ఏళ్లలో ఆవిడని పాడమని అడిగిన మొదటి మనిషి టీచరే. ఆవిడ వెల్లకిలా పడుకుంది. వీపు కింద టీచరు అరచెయ్యి ఉంది. చెవుల్లోకి నీళ్లు వెళ్లి లోకం చప్పుడు ఆగిపోయింది. పైన ఆకాశం, తెల్ల మబ్బు ఒకటి. కళ్లు మూసుకుని, తనకిష్టమైన స్తుతి పాట ఎత్తుకుంది. చర్చిలో వెనక వరసలో పాడే గొంతు కాదది, దానికి నాలుగు రెట్లు. చరణం సగంలో టీచరు చెయ్యి తీసేసింది. ఆవిడకి తెలియలేదు.

సరిగ్గా అప్పుడే కొలను గేటు దగ్గర బేకరీ ఆవిడ వచ్చి నిలబడింది.

ఆ నాలుగు నెలల్లో ఆవిడ కాలేజీ గడప తొక్కలేదు. కొలనులో నవ్వులు వినిపిస్తున్నాయని ఎవరో చెవిన వేశారు. నా కూతుర్ని మింగిన నీళ్లలో నవ్వుతారా అని కడిగేద్దామని, చేతులకంటిన పిండి కూడా కడుక్కోకుండా వచ్చేసింది. ఆవిణ్ణి చూడగానే పిల్లలందరూ ఎక్కడివాళ్లక్కడ బిగుసుకుపోయారు. బుడంకాయ్ కొలను గట్టు పట్టుకుని తల దించుకుంది. టీచరు మొహంలో నెత్తురు చుక్క లేదు.

కదలని ఆ కొలను మధ్యలో, చెవులు మునిగిన వార్డెనమ్మ మాత్రం, కోడిగుడ్లంత కళ్లేసుకుని, పొట్ట ఆకాశానికి చూపిస్తూ, పల్లవి మీద పల్లవి పాడుకుంటూ గుండ్రంగా తిరుగుతోంది. పై స్వరం దగ్గరికొచ్చేసరికి గొంతు జీరపోయి, గడియ వెయ్యని తలుపు గాలికి కిర్రుమన్నట్టు కిర్రుమంది.

బేకరీ ఆవిడ నోరు తెరిచింది. తిట్టు రాలేదు. ముక్కులోంచి ఒక వింత చప్పుడు వచ్చింది. తరవాత పొట్ట పట్టుకుంది. గేటు ఊచ పట్టుకుని వంగిపోయి, ఊపిరి అందనంతగా నవ్వింది. పిల్లలు బిక్కచచ్చి చూస్తున్నారు. ఒకరికొకరు అంటుకున్నట్టు ముందు ఒకరు, తరవాత ఇద్దరు, తరవాత అందరూ నవ్వారు. ఆ నవ్వులకి నీళ్లు కదిలేసరికి వార్డెనమ్మ కళ్లు తెరిచి, వీపు కింద చెయ్యి లేదని గ్రహించి, "దేవుడా!" అని కేక పెట్టి మునిగింది. తీరా మునిగితే నీళ్లు నడుం దాకానే ఉన్నాయి.

లేచి నిలబడి చూస్తే ఎదురుగా బేకరీ ఆవిడ. గట్టు మీద కూలబడి, పిండి చేతులతో కళ్లు తుడుచుకుంటోంది. మొహమంతా తెల్లగా అయిపోయింది.

"అచ్చం ఇలాగే పాడేది" అంది. "ఇంటికొచ్చినప్పుడల్లా మా వార్డెనమ్మ ఇలా లేపుతుందని కుర్చీ ఎక్కి పాడేది. ఆ కిర్రు కూడా. ఏ మనిషైనా అలా పాడుతుందా, అబద్ధాలకోరా అనేదాన్ని. నిజమే చెప్పింది నా తల్లి."

వార్డెనమ్మ నీళ్లలోనే నడుచుకుంటూ వచ్చి గట్టు మీద ఆవిడ మోకాళ్ల పక్కన చేతులు పెట్టింది. "ఇంకా ఏమేం చేసేదో చెప్పు" అంది.

బేకరీ ఆవిడ చెప్పింది. పిల్లలు ఒక్కొక్కరే దగ్గరికి జరిగారు. వార్డెనమ్మ నడిచే తీరు, పాస్టరుగారు తుమ్మే తీరు చేసి చూపించేదట, ఎక్కడికెళ్లినా తన చెప్పులు మాత్రం మరిచిపోయి వచ్చేదట. మధ్యలో బుడంకాయ్ కూడా తనకి తెలిసినవి చెప్పింది. చెప్తూ చెప్తూ ఆగి, "పిన్నీ, నేను చెయ్యి వదిలేశాను" అంది. బేకరీ ఆవిడ వంగి, ఆ తడి తలని గట్టిగా పొట్టకి అదుముకుంది. "నువ్వు వదల్లేదే పిచ్చిదానా. నీళ్లు లాగేశాయి" అంది. ఆ మాట ఆ పిల్లకి అప్పటికి చాలామంది చెప్పారు. ఆ రోజు మాత్రం నమ్మింది. మర్నాడు షవర్ కింద స్నానం చేసింది. చేస్తూ పాడింది కూడానని మూడో అంతస్తువాళ్లు ఫిర్యాదు చేశారు.

ఎందుకు తీసుకున్నాడన్న ప్రశ్నకి జవాబు రాలేదు. ఒకరోజు ఇంటికి నడుస్తూ ఆ సంగతే ఒప్పుకుంది వార్డెనమ్మ, బేకరీ ఆవిడతో. "అడుగుతూనే ఉన్నాను. ఆయన ఆ మాట దాటేస్తున్నాడు. కాని నేను అడగడానికి వెళ్లిన ప్రతిసారీ ఎవరో ఒకరిని పంపిస్తున్నాడు. మొదట ఆ పిల్లని పంపాడు. తరవాత టీచరుని. తరవాత నిన్ను."

"నన్నెవరూ పంపలేదు. తిడదామని నేనే వచ్చాను."

"సరే, నువ్వే వచ్చావు. ఆయన అడ్డం రాలేదు కదా."

బేకరీ ఆవిడ ఇంకా చర్చికి రాదు. రమ్మని వార్డెనమ్మ అడగనూ లేదు. కాని మంగళవారం, శుక్రవారం సాయంత్రం అయిదింటికి బేకరీ తలుపు మీద "ఈతకి వెళ్లాను" అన్న బోర్డు వేలాడుతుంది. ఆవిడకి రెండు నెలల్లోనే ఈత వచ్చేసింది. పిండి పిసికిన చేతులు కదా, నీళ్లని కూడా పిసికి పారేసింది.

ఏడాది నిండిన రోజున కాలేజీవాళ్లు మాటలు చెప్పే సభ పెట్టలేదు. పొద్దున్నే చెరువు ఒడ్డున అందరూ నిలబడి నలుగురి పేర్లూ చదివారు. పాస్టరుగారు ప్రార్థన చేశారు. పూల మాట ఎత్తలేదు. ఆ పిల్లలు లేని లోటు లోటేనని, దాన్ని మాతో కలిసి మొయ్యి ప్రభువా అని, అంతే అన్నారు. తరవాత నిశ్శబ్దంగా కొలను దగ్గరికి నడిచారు. ఏడాదిలో ఈత నేర్చుకున్నవాళ్లు నూట నలభై మంది. ఈ చివర నుంచి ఆ చివరకి, ఒక జట్టు తరవాత ఒక జట్టుగా దాటారు. గట్టు మీద నాలుగు కుటుంబాలవాళ్లూ కూచున్నారు. మొదట్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పాస్టరుగారు కుక్కపిల్లలా తల పైకెత్తి, చేతులు తపతపలాడిస్తూ దాటేసరికి చనిపోయిన అబ్బాయి తండ్రి లేచి చప్పట్లు కొట్టాడు. ఇక ఆగలేదు.

అందరూ అయిపోయాక వార్డెనమ్మ ఒక్కతే మిగిలింది. అప్పటివరకూ ఆవిడ కొలను పొడుగు పాతిక మీటర్లూ ఒక్క బిగిన ఎన్నడూ దాటలేదు. టీచరు ఒక పక్క, చదువు ముగించుకుని వెళ్లి ఆ రోజు కోసం మళ్లీ వచ్చిన బుడంకాయ్ ఇంకో పక్క నీళ్లలో నడుస్తున్నారు. అవతలి గోడ దగ్గర అద్దాల బాబాయ్ వంగి కూచున్నాడు, చొక్కా చేతులు మడిచి. సగంలో ఆవిడ నోట్లోకి నీళ్లు పోయాయి. ఆవిడ వెల్లకిలా తిరిగింది. పాట ఎత్తుకుంది. ఈసారి పాట ఆవిడ ఒక్కదానిదే కాలేదు. గట్టు మీద గాయకబృందంవాళ్లు అందుకున్నారు, పిల్లలందుకున్నారు. నూట నలభై గొంతుల్లోనూ ఆవిడ గొంతు ఎక్కడుందో స్పష్టంగా తెలుస్తూనే ఉంది. కాళ్లు ఆడిస్తూ, పాడుతూ, వెల్లకిలాగానే వెళ్లి తల గోడకి ఠంగున కొట్టుకుంది.

"వచ్చేశావు" అన్నాడు అద్దాల బాబాయ్.

"ఎంతసేపు పట్టింది?"

"పదకొండు నిమిషాలు. నడిచినా ఇంత పట్టదు" అన్నాడాయన. అంటూ చెయ్యి చాపాడు. ఆవిడ పట్టుకుని పైకి రాబోయింది. ఆయనే జారి, బట్టలతో సహా కొలనులో పడ్డాడు. ఇంతకీ ఆయనకి ఈత రాదు. వార్డెనమ్మ ఆయన కాలరు పట్టుకుని, "ఊపిరి వదలండి, మళ్లీ వస్తుంది, నాది గ్యారంటీ" అని నవ్వుతూ, దగ్గుతూ, గట్టుకి లాక్కొచ్చింది. బేకరీ ఆవిడ పొడి తువ్వాలు పట్టుకుని, ఇద్దరినీ తిడుతూ ఎదురొచ్చింది.